ఇంటిపేరులో దాగిన ఊరు

ఉద్యోగం చేసినన్నాళ్లూ హాజరుపట్టీలో మన ఇంటిపేర్లు పొడి అక్షరాలుగానే గడిచాయి. పి. అనో, జి. అనో రాస్తే సరిపోయేది. ఆ ఒక్క అక్షరం వెనుక చాలాసార్లు ఒక ఊరు, ఒక వలస ఉంటాయి. ఇప్పుడు తీరిక ఉంది కనుక మిత్రులతో ఆ ముచ్చట పంచుకుంటున్నాను.

తెలుగువారి ఇంటిపేర్లలో ఊరి పేర్లదే పెద్ద వాటా. ఇల్లు 'ఇంటి' అయినట్టు, నాడు 'నాటి' అయినట్టు, పాడు 'పాటి' అవుతుంది, ఊరు 'ఊరి' అవుతుంది. చిలుకూరు నుంచి వచ్చినవారు చిలుకూరివారు, నండూరు నుంచి వచ్చినవారు నండూరివారు. సొంత ఊళ్లో ఉన్నవాణ్ణి ఊరి పేరుతో పిలవనక్కరలేదు. ఊరు విడిచి వచ్చినవాడికే ఆ గుర్తు కావాలి. అందుకే ఊరి పేరు ఇంటిపేరైందంటే ఆ వంశం ఎప్పుడో కదిలిందన్నమాట.

మా నెల్లిమర్లకు దగ్గరలోనే ఉన్న విజయనగరాన్ని చూడండి. 1713లో అక్కడ కోట కట్టించిన పూసపాటి వంశానికి ఆ పేరు కృష్ణా ప్రాంతపు పూసపాడు నుంచి వచ్చింది. ఆ ఊళ్లోనే కన్యాశుల్కం రాసిన అప్పారావుగారి ఇంటిపేరు కృష్ణా జిల్లా గురజాడ. ఆ ఊరి సంగీత కళాశాలలో చదువుకున్న ఘంటసాల వేంకటేశ్వరరావుగారి ఇంటిపేరూ ఆ జిల్లా గ్రామమే.

అన్నీ ఊళ్లే కావు. వృత్తి, హోదా, పూర్వికుడి పేరు కూడా ఇంటిపేర్లయ్యాయి. నారాయణదాసుగారి ఇంటిపేరు ఆదిభట్ల. ఆయన పుట్టిన అజ్జాడ కూడా పేరుకు ముందు చేరి 'అజ్జాడ ఆదిభట్ల నారాయణదాసు' అన్నారు. దత్తతతో ఇంటిపేరు మారేది కూడా. పూడిపెద్దివారింట పుట్టిన శ్రీశ్రీ, దత్తత వెళ్లి శ్రీరంగంవారయ్యారు.

బ్రిటన్‌లోని వేల్సు ప్రాంతంలో పూర్వం సామాన్యులకు స్థిరమైన ఇంటిపేరు ఉండేది కాదు. కొడుకు అనే అర్థంలో 'ఆప్' చేర్చి తండ్రి పేరు చెప్పేవారు. ఆప్ రీస్ 'ప్రైస్' అయింది, ఆప్ హవెల్ 'పావెల్' అయింది. 1536, 1543 చట్టాలతో ఇంగ్లీషు న్యాయపాలన వచ్చాక, కాగితాల్లోకెక్కిన తండ్రి పేరే క్రమంగా వంశానికి స్థిరపడింది. జాన్ సంతానం జోన్సులయ్యారు. ఊరినిండా జోన్సులే కావడంతో పాల జోన్సు, రొట్టెల జోన్సు అని పిలుచుకోవలసి వచ్చింది. సింహాద్రి అప్పన్న, పైడితల్లి పేర్లు ఇంటింటా ఉన్న మన ప్రాంతంలో ఇంటిపేరు లేకుంటే మనకూ అదే అవస్థ.

ఆ అవస్థ ఇప్పుడు వేరే దారిలో మన గడప తొక్కుతోంది. పైదేశాలకు వెళ్లే పిల్లల్లో కొందరి ఫారాల్లో ఇంటిపేరు పొడి అక్షరమైపోయి, సొంత పేరులోని 'రావు', 'కుమార్' చివరి పేరుగా నిలుస్తున్నాయి. పుట్టే మనుమలకు అదే ఇంటిపేరు. వేల్సులో కాగితం స్థిరపరిచినట్టే ఇక్కడా కాగితమే స్థిరపరుస్తోంది. కాకపోతే మధ్యలో మన ఊరు జారిపోతోంది.

కనుక మిత్రులకు నాదొక మనవి. పింఛను కాగితాల్లో, బ్యాంకు పుస్తకంలో ఇంటిపేరు అక్షరం తేడా లేకుండా ఉందో లేదో చూసుకోండి. రేపు కుటుంబ పింఛనుకు ఇంట్లోవారు తిరగవలసిన అవసరం తప్పుతుంది. అలాగే ఒక నోటుపుస్తకంలో ఇంటిపేరు పూర్తిగా రాసి, అది ఏ ఊరి పేరో, పెద్దలు ఏ దారిన వచ్చారో తెలిసినంతవరకు మనుమలకు చెప్పండి. వారు ఏ దేశంలో ఉన్నా ఆ ఊరు వారి వెంట ఉంటుంది.