బేరానికీ చెల్లింపుకీ మధ్య

షేర్ మార్కెట్ నేర్చుకుంటామని వచ్చే కుర్రవాళ్లకి నేను ముందుగా చెప్పేది సెన్సెక్స్ సంగతి కాదు, సెటిల్‌మెంట్ సంగతి. కొన్న షేరు ఎప్పుడు చేతికొస్తుంది, డబ్బు ఎప్పుడు కట్టాలి? మన మార్కెట్ చరిత్రలో సగం గొడవలు ఈ గడువులోనే పుట్టాయి.

హైదరాబాద్ స్టాక్ ఎక్స్ఛేంజి 1943లో మొదలైంది. అక్కడ ఒక బ్రోకరు దగ్గర గుమస్తాగా నా పని కాగితాలు సరిచూడటం. షేరు అంటే అప్పట్లో అచ్చేసిన సర్టిఫికెట్టు. దానికి ట్రాన్స్‌ఫర్ డీడ్ జతచేసి, స్టాంపులు అంటించి కంపెనీకి పంపాలి. అమ్మినాయన సంతకంలో ఒక వంపు తేడా వచ్చినా ‘బ్యాడ్ డెలివరీ’ అని కట్ట వెనక్కొచ్చేది. ఆయన ఏ ఊళ్లో ఉన్నాడో వెతికి మళ్లీ సంతకం పెట్టించేసరికి నెలలు గడిచేవి.

బొంబాయిలో ‘ఎ’ గ్రూపు, అంటే ఎక్కువగా చేతులు మారే, షేర్లకి ఇంకో వెసులుబాటు ఉండేది, బద్లా. 200 రూపాయల చొప్పున 100 షేర్లు కొన్నారనుకోండి. సెటిల్‌మెంట్ రోజుకి 20,000 చేతిలో లేవు. ఫైనాన్షియర్ ఆ సొమ్ము సర్దుతాడు, మీరు వడ్డీ కడతారు, బేరం వచ్చే సెటిల్‌మెంటుకి జరుగుతుంది. ధర పెరిగితే లాభం మీదే. పడితే తేడాతో పాటు వడ్డీ కూడా మీ నెత్తినే.

ఇదే ఆటని తిరగేసి ఆడితే షార్ట్ సెల్లింగ్. ధర పడుతుందని నమ్మేవాళ్లు బేర్లు, పెరుగుతుందని నమ్మేవాళ్లు బుల్స్. 1982లో కలకత్తా బేర్లు కొందరు తమ దగ్గర లేని రిలయన్స్ షేర్లని పెద్దఎత్తున అమ్మారు, ధర పడ్డాక చవగ్గా కొని లెక్క సరిచేయొచ్చని. కంపెనీ వైపు నిలిచిన బ్రోకర్లు వాటిని కొనేసి, వాయిదాలు కుదరవు, డెలివరీ ఇవ్వాల్సిందేనని పట్టుబట్టారు. అమ్మినవాళ్లకి పీకల మీదికొచ్చింది. షేర్ల వేటలో ధర ఎగబాకింది. బొంబాయి ఎక్స్ఛేంజి మూడు రోజులు మూతపడింది.

1996లో డిపాజిటరీల చట్టం వచ్చింది. సర్టిఫికెట్లు డీమ్యాట్ ఖాతాలో అంకెలయ్యాయి, సంతకాల తంటా తీరింది. 2001 జులైలో మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ బద్లాని ఆపేసింది. గడువు కూడా కుదించుకుపోయింది: 2003లో బేరమైన రెండో పనిదినానికి, 2023 జనవరికల్లా మరుసటి పనిదినానికి. దీన్నే టీ ప్లస్ వన్ అంటారు. కంప్యూటర్ తెరలు వ్యాపారమంతా లాగేసుకున్నాక మా హైదరాబాద్ ఎక్స్ఛేంజి గుర్తింపు 2007లో రద్దయింది.

చేతిలో ఉన్నదానికి మించి ఆడాలన్న ఆశ మాత్రం పోలేదు. బద్లా ఆగిన ఏడాదే, నవంబరులో, విడి షేర్ల ఫ్యూచర్స్, అంటే ఇవాళ ఖాయం చేసుకున్న ధరకి తర్వాతి తేదీన తేల్చుకునే ఒప్పందాలు, వచ్చాయి. కొంత మార్జిన్ (పూచీ సొమ్ము) కట్టి పెద్ద లాట్ (నిర్ణీత సంఖ్యలో షేర్ల కట్ట) పట్టే కుర్రవాడు దాదాపు బద్లా పనే చేస్తున్నాడు. వడ్డీ విడిగా కనబడదు, ఫ్యూచర్ ధరలోనే కలిసి ఉంటుంది. ఒక్కటే తేడా. పాత రోజుల్లో నష్టాన్ని సెటిల్‌మెంట్ దాకా ఇంట్లో దాచుకోవచ్చు. ఇప్పుడు ఏ రోజు లెక్క ఆ రోజే తేల్చి మార్జిన్‌లోంచి కోసుకుంటారు. అందుకే కొత్తవాళ్లతో అంటాను: ముందు పూర్తి డబ్బు పెట్టి పది షేర్లు డెలివరీకి కొనండి, ఆ తర్వాతే లాట్ల మాట.