చక్రము పలుకు – యంత్రపు రోగము

నిజాము రాజ్యమున వాడి నుండి సికింద్రాబాదుకు 1874లో రైలుమార్గము ఏర్పడినది. 1893లో లాలాగూడ రైలు కర్మాగారము వెలసినది. ఆవిరి యింజన్ల కాలమున రైలు ఆగినపుడు పనివాడు పొడవైన పిడిగల సుత్తితో చక్రములను తట్టి చూచెడివాడు. ఖంగున మ్రోగినచో చక్రము క్షేమము. మొద్దుగా పలికినచో బీట యున్నదని అనుమానము. బీటవద్ద కంపనము త్వరగా అణగిపోవును. ఆ చెవి పొరబడినచో ప్రయాణికుల ప్రాణములకే ముప్పు. నేడు ఇరుసులను అల్ట్రాసోనిక్ తరంగములతో పరీక్షించుచున్నారు.

ఇరుసు తేలికగా తిరుగుటకు బేరింగు కావలెను. 1907లో స్వీడనుకు చెందిన స్వెన్ వింగ్‌క్విస్ట్ తనంతట సర్దుకొను బాల్ బేరింగును రూపొందించెను. 1937లో అమెరికాలో బెండిక్స్ సంస్థ, ముందు తలుపుగల స్వయంచాలక బట్టల యంత్రమును ప్రదర్శించినది. నేటి యిండ్లలోని యిట్టి యంత్రములందు తడిబట్టల బరువంతయు సాధారణముగా డ్రమ్ము వెనుక బేరింగులపై పడును.

ఈ యంత్రము మ్రోగినచో ఏమి చేయవలెను? మొదట ప్లగ్గు తీసి, ఖాళీ డ్రమ్మును చేతితో త్రిప్పవలెను. గరగర వినిపించి, అంచును పైకెత్తినపుడు డ్రమ్ము వదులుగా కదలినచో బేరింగు అరిగినదన్నమాట. సీలు చెడి నీరు చొచ్చుటచే గ్రీజు కొట్టుకొనిపోయి గుండ్లు తుప్పు పట్టును. పిండునపుడు మాత్రమే దబదబలాడినచో బట్టలు ఒకవైపు చేరినవేమో, కాళ్ళు సమముగా లేవేమో చూడవలెను. నీరు పోవునపుడే చప్పుడైనచో పంపు జల్లెడలో నాణెమో గుండీయో చిక్కియుండవచ్చును.

మొదటనే కనుగొన్నచో బేరింగు, సీలు మార్చిన చాలును. ఉపేక్షించినచో ఇరుసే పాడగును.