వళ్లి పెళ్లి, కొరవల పేరు

తిరుత్తణి కొండ మీద మాసి బ్రహ్మోత్సవాల్లో వళ్లీ కల్యాణం జరుగుతుంది. వేలాయుధం పట్టిన దేవుడు తినై (కొర్ర) చేలకు కాపలా కాసే కొండపిల్లను వలచి, ముసలివాడి వేషం వేసుకుని వచ్చి, ఆమె మనసు గెలిచి పెళ్లాడిన కథ అది. అక్కడికి కాస్త ఉత్తరంగా వెళితే పుత్తూరు దగ్గర నారాయణవనం. ఆ ఊరి పెళ్లికథలో వేషం తారుమారవుతుంది. శ్రీనివాసుడే ఎరుకలసాని రూపంలో ఆకాశరాజు అంతఃపురంలో అడుగుపెట్టి, పద్మావతికి ఎవరితో పెళ్లి జరగాలో ఆమె తల్లికి సోది చెబుతాడు. ఈ రెండు క్షేత్రాలూ ఒకప్పుడు కార్వేటినగరం జమీందారీలోవే. తెలుగూ తమిళమూ కలగలిసి వినిపించే ఈ సీమలో ఒక దేవుడు కొరవ ఇంటికి అల్లుడయ్యాడు, ఇంకొక దేవుడు ఎరుకల చీర కట్టుకున్నాడు. తమిళంలో కొరవలన్నా తెలుగులో ఎరుకలన్నా ఒకే జాతి. ఇంత గౌరవం దక్కిన ఆ జాతిని ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఇదే గడ్డ మీద పుట్టుకతోనే దొంగలని చట్టం రాసి పోలీసు రిజిస్టరుకెక్కించారు. గుడిలో గౌరవం వేరు, ఠాణాలో అవమానం వేరు, ఒకటి మన సంస్కృతి, రెండోది పరాయి పాలన అని విడదీసి చెప్పుకోవడం మనకు అలవాటు. నా వాదన అది కాదు. రంగస్థలం మీది కొరవంజికీ రిజిస్టరులోని కొరవకీ పోలిక ఉంది. రెండు బొమ్మలనూ గీసింది ఇతరులే. రెండింటిలోనూ ఆ మనుషుల మాటకు చోటు లేదు.

ముందుగా వళ్లి సంగతి చూడాలి. పాత సంగ కవిత్వంలో మురుగన్ ప్రేయసిగా కనిపించే వళ్లి కొండవాళ్ల పిల్ల. ఆమె కొండజాతిలో పుట్టడాన్ని ఆ కవులు సంజాయిషీ చెప్పుకోవలసిన విషయంగా చూడలేదు. తరవాతి కాలంలో కచ్చియప్ప శివాచార్యుల కందపురాణం దగ్గరికి వచ్చేసరికి ఆమె పుట్టుక మారిపోయింది. వళ్లి పూర్వజన్మలో విష్ణువు కూతురు. ఈ జన్మలో శివముని చూపు సోకిన లేడి కడుపున పుట్టింది. దుంపలు తవ్విన గుంటలో దొరికితే వేటగాళ్ల దొర నంబిరాజు తెచ్చి పెంచుకున్నాడు. అంటే దేవుడు పెళ్లాడింది పెంపకం వల్ల కొరవ అయిన పిల్లనే గాని నెత్తురు వల్ల కొరవ అయిన పిల్లను కాదు. కథలో ఈ మెలిక ఎందుకు అవసరమైంది? కొండజాతి పిల్ల దేవేరి కావడం ఒక నాటికి చెప్పుకోవడానికి ఇబ్బందైంది గనక. భక్తి తగ్గి కాదు, జాతి గురించిన లెక్క గట్టిపడి. వళ్లి ఊరుగా చెప్పే వళ్లిమలై తిరుత్తణికి పడమరగా, పాత ఉత్తరార్కాటు సీమలోనే ఉంది. గుట్ట మీద తొమ్మిదో శతాబ్దపు జైన శిల్పాలున్నాయి, గంగరాజు రాచమల్లు శాసనముంది. ఒకే కొండను ఎన్ని మతాలు తమదని చెప్పుకున్నాయో అక్కడి రాళ్లే చూపిస్తాయి. వేటగాళ్లు రాయించుకున్న రాత మాత్రం మనకు మిగల్లేదు.

ఇక కొరవంజి. తెలుగు యక్షగానంలో ఎరుకలసాని పాత్ర, తమిళంలో పద్దెనిమిదో శతాబ్దపు త్రికూట రాసప్ప కవిరాయర్ రాసిన కుట్రాల కురవంజి, తంజావూరు దర్బారులో ఆ తరహా నాటకాలు, అన్నీ ఒకే అచ్చు. గొప్పింటి నాయిక దేవుణ్ణో రాజునో చూసి విరహంలో పడుతుంది. చేత కర్ర, చంకన బుట్ట పట్టుకుని కొరవంజి వస్తుంది, తన కొండల చల్లదనాన్ని వర్ణిస్తుంది, చేయి చూసి మంచిమాట చెబుతుంది, నగలో చీరలో అందుకుని వెళ్లిపోతుంది. తరవాత ఆమె మగడు సింగడు వెతుక్కుంటూ వస్తే వాళ్లిద్దరి సరసంతో హాస్యం పండుతుంది. ఈ ప్రక్రియ అందం నేను కాదనను. కొండ గురించిన వర్ణనల్లో చాలా భాగం దేశి కవిత్వంలో ఎన్నదగినవి. కాని అచ్చును గమనించండి. ప్రేమ నాయికది, నవ్వు కొరవంజిది. ఆమెకు భవిష్యత్తు చెప్పే హక్కుంది, తన భవిష్యత్తు మాత్రం కథకు అక్కర్లేదు. ఆ వేషం వేసేది, ఆ మాటలు రాసేది, ఆ నాటకాన్ని ఆడించేది కొరవలు కారు. దేవుడు వేసుకున్న వేషమైనా అంతే. సోది చెప్పడం పూర్తయ్యాక శ్రీనివాసుడు చీర విప్పేశాడు.

దీనికి ఎదురుగా అహోబిలం పార్వేటను చూపించవచ్చు. అక్కడ నరసింహుడు చెంచుల అల్లుడు. సంక్రాంతి తరవాత ఊరూరా తిరిగే ఆ ఉత్సవంలో చెంచులకు వంతు ఉంది, చేసే పని ఉంది. నిజమే, అది మంచి ఉదాహరణ. చెంచులు అక్కడ తమ పాత్ర తామే ధరిస్తారు. ఆ తేడాయే నేను చెప్పదలిచింది.

వేషం కాని కొరవలు ఆ రోజుల్లో ఏం చేస్తుండేవాళ్లు? వాళ్లలో ఒక పెద్ద శాఖ ఉప్పు కొరవలు, తెలుగులో ఉప్పు ఎరుకల. తీరంలో ఉప్పు ఎత్తి, ఎద్దుల మీద గాడిదల మీద లోపలి ఊళ్లకు మోసుకెళ్లి, ధాన్యానికి మార్చి తిరిగి తీరానికి దిగేవాళ్లు. దబ్బ ఎరుకలు వెదురు చీల్చి బుట్టలు, చాటలు అల్లేవాళ్లు. కరివేపాకు అమ్మేవాళ్లు, పందులు మేపేవాళ్లు, సోది చెప్పే ఆడవాళ్లు వేరు. తిరగడం వాళ్ల వృత్తిలో భాగమే గాని నిలకడలేనితనం కాదు. 1856 జూలై 1న దక్షిణాదిలో మొదటి రైలు రాయపురం నుంచి వాలాజా రోడ్డుకు నడిచింది. ఆ దారి తిరువళ్లూరు, అరక్కోణం మీదుగా పోతుంది. తరవాత అరక్కోణం నుంచి తిరుత్తణి, పుత్తూరు మీదుగా ఉత్తరానికి ఇంకో దారి పడింది. ఎద్దు మోసే బస్తాను రైలు పెట్టె మోయడం మొదలుపెట్టాక, దానికి తోడు ఉప్పు మీద సర్కారు పట్టు బిగిశాక, ఈ జాతి కాళ్ల కింది నేల కదిలింది. చరిత్రకారిణి మీనా రాధాకృష్ణ 2001లో వెలువరించిన పుస్తకంలో మద్రాసు రాజధాని కొరవల పతనాన్ని ఈ దారిలోనే వివరించారు. వ్యాపారం పోయాక కూడా తిరుగుతున్నవాళ్లు పనీపాటా లేనివాళ్లుగా కనిపించారు. పోలీసు అధికారి ముల్లలీ 1892లో మద్రాసు రాజధాని నేరగాళ్ల జాతుల మీద పుస్తకం రాశాడు. మద్రాసు మ్యూజియం సూపరింటెండెంటు ఎడ్గర్ థర్స్టన్ తలలూ ముక్కులూ కొలపట్టెలతో కొలిచి, 1909లో ఏడు సంపుటాల్లో దక్షిణాది కులాలను, తెగలను అక్షరక్రమంలో పెట్టాడు. ఉత్తరాదిలో 1871లో మొదలైన నేరస్థ తెగల చట్టం 1911 చట్టంతో మద్రాసుకూ చేరింది. పేరు నమోదైన కొరవ ఊరు కదలాలంటే అనుమతి కావాలి, చెప్పిన వేళకు హాజరు పలకాలి. సాల్వేషన్ ఆర్మీ నడిపిన బాపట్ల దగ్గరి స్టువార్టుపురం లాంటి సెటిల్మెంట్లు అలా పుట్టాయి. ఆ ఊరికి పేరు గవర్నరు కార్యవర్గ సభ్యుడైన హెరాల్డ్ స్టువార్ట్‌ది.

ఇక్కడే బలమైన అభ్యంతరం వస్తుంది. ఈ పాపం తెల్లవాళ్లది, జాతిని నెత్తురుతో కొలిచే శాస్త్రం వాళ్లది, మన గుడినీ మన నాటకాన్నీ అందులోకి లాగడం అన్యాయం అంటారు. చట్టం రాసింది వాళ్లే, సందేహం లేదు. అయితే ఆ చట్టం నడవడానికి గ్రామ మునసబు చెప్పే మాట కావాలి, ఊరి పెద్దల ఫిర్యాదు కావాలి, దొంగతనం జరిగితే మొదట ఎవరి గుడిసె వెతకాలో ముందే తెలిసిన చూపు కావాలి. తిరుగుబోతు, మాటకారి, మాయలమారి, ఒకచోట నిలవనిది అనే బొమ్మ వందల ఏళ్లుగా అరుగుల మీదా దర్బారుల్లోనూ ఆడి ఆడి సిద్ధంగా ఉంది. అధికారి దాన్ని తీసుకుని చివర ఒక్క మాట, దొంగ అన్న మాట, చేర్చాడు. 1944లో రుక్మిణీదేవి అరుండేల్ కళాక్షేత్రంలో కుట్రాల కురవంజిని నృత్యనాటకంగా ప్రదర్శించారు. భరతనాట్య చరిత్రలో అదొక మైలురాయి, ఆమె కృషి మీద నాకు గౌరవమే. కాని అడయారులో పెద్దమనుషులు కురత్తి (కొరవ స్త్రీ) అడుగులకు మురిసిపోయిన ఆ ఏడాది కూడా అదే రాజధానిలో కొరవలు ఠాణాలో హాజరు వేయించుకుంటూనే ఉన్నారు. మద్రాసులో ఆ చట్టం 1947లో గాని పోలేదు. దేశమంతటా పోయింది 1952 ఆగస్టు 31న. ఆ ప్రేక్షకుల మనసులో కళ ఒక గదిలో, కొరవ ఇంకొక గదిలో ఉన్నారు. మధ్య గోడ కట్టింది పరాయి పాలన ఒక్కటే అంటే నేను ఒప్పుకోలేను.

చట్టం పోయాక బొమ్మ సినిమాకెక్కింది. తెలుగులో స్టువార్టుపురం అంటే ఒక ఊరు కాక దొంగతనానికి మారుపేరైంది. 1991లో ఆ పేరుతో రెండు సినిమాలు వచ్చాయి. 2023లో టైగర్ నాగేశ్వరరావు సినిమా వస్తున్నప్పుడు, మమ్మల్ని ఇంకా ఇలాగే చూపిస్తారా అంటూ దాని మీద అభ్యంతరం ఆంధ్రప్రదేశ్ హైకోర్టు దాకా వెళ్లింది. తమిళంలో ఇంకో రకం సంగతి జరిగింది. 2021లో వచ్చిన జైభీమ్ ఎంతో మందిని కదిలించిన సినిమా. దానికి ఆధారం 1993లో కడలూరు ప్రాంతంలో పోలీసు కస్టడీలో జరిగిన చావు. నిజంగా చనిపోయిన మనిషి కొరవ. సినిమాలో ఆయన ఇరుళర్ తెగవాడయ్యాడు. ఇరుళర్ల బాధలు ఏమాత్రం తక్కువవి కావు. తిరుత్తణి ఉన్న తిరువళ్లూరు జిల్లాలోనే ఇటుకబట్టీల్లో, రైసుమిల్లుల్లో వాళ్లు వెట్టిలో మగ్గి విడుదలైన ఉదంతాలున్నాయి. అయినా ఒక జాతి కన్నీటిని ఇంకొక జాతికి తొడిగితే, కొరవలు తెర మీద కనిపించవలసిన ఒక్క సందర్భంలో కూడా కనిపించకుండా పోయారు. మంచి ఉద్దేశంతో తీసిన సినిమా కూడా పాత అలవాటు నుంచి పూర్తిగా బయటపడలేకపోయింది.

ఈ నేపథ్యంలో చూస్తేనే 2023 నాటి ఇంకో ఘటన అర్థమవుతుంది. తమిళనాడు పల్లె తిరునాళ్లలో అర్ధరాత్రి దాటాక కురవన్ కురత్తి ఆట్టం పేరుతో ఆడే ఆట బూతుగా మారిందని, అది తమ జాతిపేరును బజారుకు ఈడుస్తోందని కొరవలు కోర్టుకెక్కారు. మద్రాసు హైకోర్టు మదురై ధర్మాసనం వాళ్ల మాట విన్నది. ప్రభుత్వం ఆ ఏడే ఆ ఆటను నిషేధించింది. దీని మీద వచ్చిన విమర్శను తేలిగ్గా కొట్టెయ్యకూడదు. ఆట మీద బతికే కళాకారులు పేదలు, వాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. నిషేధం పడ్డ రోజే వాళ్ల పొయ్యి మీద దెబ్బ పడుతుంది. పేరు మార్చి అదే బూతు ఆడితే ఎవరు ఆపగలరన్నదీ న్యాయమైన ప్రశ్నే. వాళ్లకు వేరే జీవనాధారం చూపకుండా నిషేధంతో చేతులు దులుపుకుంటే అది సగం పనే. అయితే కళ మీద దాడి జరిగిందన్న మాట సరికాదు. నృత్యాన్ని ఎవరూ నిషేధించమనలేదు. తమ పేరు తొడుక్కుని ఆడవద్దన్నారు. అమెరికాలో ఒహాయో విశ్వవిద్యాలయ విద్యార్థులు 2011లో పోస్టర్లు పట్టుకుని, మా సంస్కృతి మీ పండగ వేషం కాదని చెప్పినప్పుడు ప్రపంచమంతా చర్చించింది. ముఖానికి నల్లరంగు పూసుకుని తెల్లవాళ్లు ఆడిన ఆటల చరిత్ర వాళ్ల వెనక ఉంది. మన దగ్గర అదే మాటను చదువుకున్న కొరవ యువత చెబితే కులపిచ్చి అని తీసిపారేశాం.

మరి కొరవల మాట ఎక్కడ వినిపించాలి? ఆగస్టు 31ని విముక్త దినంగా జరుపుకుంటారు. ఆ సభలు ఎక్కువగా వాళ్లలో వాళ్లే పెట్టుకుంటారు. తిరుత్తణిలో ఉన్న ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాల పేరు అరుళ్మిగు శ్రీ సుబ్రమణియ స్వామి కళాశాల. వళ్లిని పెళ్లాడిన దేవుడి పేరున్న ఆ ప్రాంగణం కంటే ఇలాంటి సభకు తగిన చోటు ఎక్కడుంటుంది? అక్కడ మాట్లాడవలసింది పురాణం ఒక్కటే కాదు, సరిహద్దు సంగతి కూడా. 1911లో ఏర్పడిన చిత్తూరు జిల్లాలో ఉన్న తిరుత్తణి, ఆంధ్ర, మద్రాసు రాష్ట్రాల మధ్య పటాస్కర్ మధ్యవర్తిత్వం తరవాత 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రానికి పోయింది. ఊరు యూనిట్టుగా, మెజారిటీ మాతృభాష కొలతగా ఆ గీత గీశారు. ఎరుకల ఇళ్లలో మాట్లాడే కుర్రు భాష తమిళానికి దగ్గరిది. ఇల్లు దాటితే వాళ్లు మాట్లాడేది తెలుగు. అలాంటి ఇంటిని ఏ గడిలో రాయాలన్న ప్రశ్న ఆ కొలతకు అందలేదు. ఫలితం ఇవాళ ధ్రువపత్రంలో కనిపిస్తుంది. గీతకు అవతల నగరిలో ఎరుకల పిల్లవాడు షెడ్యూల్డు తెగ. ఇవతల తిరుత్తణి తాలూకాలో కొరవ శాఖలు కొన్ని విముక్త జాతుల జాబితాలో, కొన్ని షెడ్యూల్డు కులాల జాబితాలో చెదిరిపోయాయి. పూసలమ్మే నరికురవలు వేరే భాష, వేరే మూలం ఉన్నవాళ్లు. 2023 జనవరిలో వాళ్లకు తెగ హోదా వచ్చినప్పుడు, పేరు కలిసినందువల్ల అది కొరవలందరికీ వచ్చిందని చాలామంది పొరబడ్డారు. తమిళనాడు కొరవ సంఘాలు తెగ హోదా కోసం ఇప్పటికీ అర్జీలు పెడుతూనే ఉన్నాయి.