శిక్ష ఖరారు చేసే రోజు బాధితుల మాట వినాల్సిందే

ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలో సెక్షన్ 3(2)(వి) బరువైనది. పదేళ్లు, అంతకు మించి జైలుశిక్ష పడదగిన నేరాన్ని దళితులపైనో, ఆదివాసీలపైనో, వారి ఆస్తిపైనో ఆ కులాలకు, తెగలకు చెందనివారు చేస్తే యావజ్జీవ శిక్ష, జరిమానా పడతాయి. జడ్జి అంతకన్నా తగ్గించడానికి వీల్లేదు. అందుకే డిఫెన్స్ లాయర్ల గురి మొదట ఈ సెక్షన్ మీదే ఉంటుంది.

1989 నాటి పాఠం ప్రకారం, బాధితులు ఎస్సీ లేదా ఎస్టీ 'అన్న కారణంతో' నేరం జరిగిందని రుజువు చేయాలి. చంపేవాడు కులం పేరు చెప్పి చంపుతాడా? పొలం తగాదా అంటాడు, పాత కక్ష అంటాడు. ఆ మాట నిలబడితే ఈ సెక్షన్ ఎగిరిపోయేది. 2016 జనవరి 26న అమల్లోకి వచ్చిన సవరణ ఈ షరతును మార్చింది. బాధితులు ఎస్సీ, ఎస్టీ అని 'తెలిసి' నేరం చేస్తే చాలు. బాధితులతోగానీ వారి కుటుంబంతోగానీ నిందితుడికి పరిచయం ఉంటే కులం తెలిసినట్టే కోర్టు భావించాలని సెక్షన్ 8(సి) చెబుతోంది. తెలియదని రుజువు చేసుకోవాల్సింది అతనే. ఒకే ఊళ్లో పుట్టి పెరిగినవాళ్ల మధ్య ఇది ఎంత తేడా తెస్తుందో చెప్పనక్కర్లేదు.

అయితే లెక్కలోకి వచ్చేది నేరం జరిగిన తేదీ, తీర్పు తేదీ కాదు. 2011లో కర్నూలు జిల్లాలో పుట్టుచూపు లేని ఎస్సీ యువతిపై అత్యాచారం చేసినవాడు ఆమె అన్నదమ్ములకు తెలిసినవాడే. 2021 ఏప్రిల్ 27న సుప్రీంకోర్టు ఐపీసీ కింద యావజ్జీవ శిక్షను ఖాయం చేసింది, 3(2)(వి)ని మాత్రం కొట్టేసింది. కారణాల్లో కులం ఒకటైనా సెక్షన్ వర్తిస్తుందని, కులమే ఏకైక కారణం కానక్కర్లేదని ధర్మాసనం స్పష్టంగా చెప్పింది. కానీ ప్రాసిక్యూషన్ ఆ దిశగా సాక్ష్యమే పెట్టలేదు. మా దృష్టిలో ఇది చట్టం ఓటమి కన్నా దర్యాప్తు ఓటమి. 2016కు ముందు జరిగిన నేరాల కేసులు ఇంకా నడుస్తున్నచోట కులం కోణంలో సాక్ష్యం ఉందో లేదో ఇప్పుడే చూసుకోవాలి.

ఈ సవరణతోనే వచ్చిన సెక్షన్ 15ఏ(5) గురించి తక్కువమంది మాట్లాడతారు. బెయిలు దగ్గర్నుంచి శిక్ష ఖరారు దాకా ప్రతి దశలో బాధితులు, వారిపై ఆధారపడినవారు కోర్టులో తమ మాట చెప్పవచ్చు, శిక్షపై లిఖితపూర్వకంగానూ ఇవ్వవచ్చు. 15ఏ(3) ప్రకారం విచారణల గురించి వారికి ముందుగా తెలపాలి. ఈ రెండూ తప్పనిసరి అని 2021 అక్టోబరులో ఒక రాజస్థాన్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అది బెయిలు కేసే అయినా సూత్రం శిక్షకూ వర్తిస్తుంది.

దోషి అని తేలాక శిక్షపై నిందితుణ్ణి కోర్టు అడుగుతుంది. పాత సీఆర్‌పీసీలో అది సెక్షన్ 235(2), ఇప్పటి నాగరిక్ సురక్షా సంహితలో 258. అతను ముసలి తల్లిదండ్రులని, చిన్నపిల్లలని చెప్పుకుంటాడు. ఆ పూట బాధితుల తరఫున ఎవరూ లేకపోతే కోర్టు వినేది అదొక్కటే. ఊరు విడిచిన కుటుంబం, ఆగిపోయిన చదువు, పనికి పిలవని రైతులు, సాక్షులకు వచ్చిన బెదిరింపులు, ఇవన్నీ తేదీలతో, ఉంటే ఫిర్యాదు కాపీలతో కాగితం మీద పెట్టాలి. 18 ఏళ్లు దాటిన దోషికి ఈ చట్టం కింద ప్రొబేషన్ వర్తించదని సెక్షన్ 19 చెబుతోందని కూడా అందులో రాయాలి.

తీర్పు చెప్పిన రోజే శిక్ష కూడా ఖరారైపోవచ్చు కాబట్టి, తుది వాదనలు మొదలయ్యేసరికే ఆ కాగితం స్పెషల్ పీపీ చేతిలో ఉండాలి.