ఓట్లు చెప్పే పాఠకుల చరిత్ర

మీకు అన్నిటికన్నా నచ్చిన నవల ఏదని 2003లో బీబీసీ బ్రిటన్ ప్రజలను అడిగింది. ‘ది బిగ్ రీడ్’ అనే ఆ కార్యక్రమానికి దాదాపు 1,40,000 ప్రతిపాదనలు వచ్చాయి. వాటిలోంచి 100 పుస్తకాల జాబితా తయారైంది, అందులో 21 తుది పోటీకి నిలిచాయి. ఒక్కో నవల తరఫున ఒక్కో ప్రముఖుడు టీవీలో వకాల్తా పుచ్చుకున్నాడు. డిసెంబరు 13న ఫలితం వెలువడింది. టోల్కిన్ ‘ది లార్డ్ ఆఫ్ ద రింగ్స్’కు దాదాపు 1,74,000 ఓట్లు, జేన్ ఆస్టిన్ ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’కు 1,35,000. ఇలాంటి ఫలితాలను చూసి పెదవి విరిచే విమర్శకులు ఎప్పుడూ ఉన్నారు. ఓట్ల లెక్కతో సాహిత్య విలువ తేలదన్న వారి మాట నిజమే. కానీ ఒక జనం ఏ వయసులో, ఏ పుస్తకాలతో పాఠకులయ్యారో చెప్పే సాక్ష్యంగా చూస్తే, ఈ పోటీలంత విలువైన ఆధారం సాహిత్య చరిత్రకారులకు అరుదుగా దొరుకుతుంది.

ఆ 21 నవలలను కాస్త ఆగి చూడండి. పిల్లల రచయిత పుల్‌మన్‌ది 3వ స్థానం, హ్యారీ పాటర్ రచయిత్రి రౌలింగ్‌ది 5, ‘విన్నీ ద పూ’ది 7, నార్నియా కథది 9. టాల్‌స్టాయ్ ‘యుద్ధము–శాంతి’ 20వ స్థానంలో ఉంది. పెద్దవాళ్లు ఓటు వేస్తూ పిల్లలప్పుడు చదివినవాటినే తలుచుకున్నారు, లేదా తమ పిల్లలకు చదివి వినిపించినవాటిని. ఇంకో చిన్న సంగతి కూడా గమనించాలి. తుది పోటీకి ఒక రచయిత నుంచి ఒక్క పుస్తకమే అన్నది నియమం. అందుకే రౌలింగ్ నవల ఒకటి 5లో నిలిస్తే, జాబితాలోని మిగతా మూడు హ్యారీ పాటర్ పుస్తకాలు సరిగ్గా 22, 23, 24 స్థానాల్లో వరసగా కూర్చున్నాయి. జాబితాను చదివేటప్పుడు నియమాన్నీ చదవాలి. లేకుంటే నిర్వాహకులు గీసిన గీతను ప్రజల అభిరుచి అనుకుంటాం. హంగరీలో 2005లో ఇదే తరహా పోటీ జరిగితే గార్డొన్యి రాసిన ‘ఎగెర్ నక్షత్రాలు’ గెలిచింది. 1552లో ఒట్టొమన్ సేనలు ఎగెర్ కోటను ముట్టడించిన కథ అది, అక్కడి బడి పిల్లలు తప్పక చదివే నవల. 2018లో అమెరికాలో ప్రజా ప్రసార సంస్థ పీబీఎస్ నిర్వహించిన పోటీలో 40 లక్షలకు పైగా ఓట్లు పడితే, గెలిచింది ‘టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్’. అదీ దశాబ్దాలుగా తరగతి గదుల్లో చదివిస్తున్న పుస్తకమే.

వీరాభిమానులు గుంపుగట్టి ఓట్లు గుద్దితే ఇదంతా ఏం సాక్ష్యమని అడగవచ్చు. అలా జరగకపోలేదు. 1998లో అమెరికాలో మోడర్న్ లైబ్రరీ సంపాదకమండలి 20వ శతాబ్దపు ఉత్తమ నవలగా ‘యులిసిస్’ను నిలిపితే, ఇంటర్నెట్‌లో జరిగిన పాఠకుల ఓటింగులో మొదటి పదింటిలో నాలుగు అయిన్ ర్యాండ్‌వి, మూడు రాన్ హబ్బర్డ్‌వి; ఇద్దరికీ గట్టి అభిమాన వర్గాలున్నాయి. అలాంటి జాబితా ఏ వర్గం ఎంత కట్టుగా ఉందో మాత్రమే చెబుతుంది. టోల్కిన్ గెలుపూ అలాంటిదే అనడానికి లేదు. సినిమా హోరే గెలిపించిందన్న వాదన కూడా సగమే నిలుస్తుంది. ఆ నవల ఆధారంగా దర్శకుడు జాక్సన్ తీసిన మూడో చిత్రం సరిగ్గా ఆ 2003 డిసెంబరులోనే వచ్చింది కాబట్టి ఓట్లు పెరిగి ఉండవచ్చు. కానీ 1997లో వాటర్‌స్టోన్స్ పుస్తక దుకాణాలు, చానల్ 4 కలిసి నిర్వహించిన ఓటింగులోనూ ఇదే పుస్తకం మొదట నిలిచింది. ఈ చిత్రాల్లో మొదటిది విడుదలైంది 2001లో. 2004లో జర్మనీలో జరిగిన ఇలాంటి పోటీలోనూ టోల్కినే గెలిచాడు, మరి ఆ దేశపు పాఠకుల ముద్ర ఎక్కడుందని ఎవరైనా అడిగితే రెండో స్థానం చూడమనాలి. అక్కడ ఉన్నది బైబిల్, ఇంట్లో చదువుతూ పెరిగిన పుస్తకం.

అందుకే ఈ జాబితాల్లో మొదటి స్థానం మీద జరిగే గొడవ నాకు వృథాగా తోస్తుంది. ఇలాంటి ఓటింగు తెలుగులో ఎవరైనా తలపెడితే, నవల పేరుతో పాటు దాన్ని ఏ వయసులో చదివారో, ఎవరు ఇస్తే చదివారో కూడా రాయమని పాఠకులను అడగాలి.