ఆకలి నెలలు: ఊరి గాదె, ఊరి తోట

ఖమ్మము సీమ మైదానము ముగిసి భద్రాచలము అడవులు ఆరంభమగు చోట సంవత్సరమున అన్ని నెలలు ఒక్క తీరుగ నుండవు. కార్తీక మార్గశిరములలో పోడు జొన్న ఇంటికి వచ్చును. చైత్ర వైశాఖములలో ఇప్పపువ్వు, తునికిపండ్లు, మామిడిపండ్లు దొరకును. తొలకరి పడి విత్తనము భూమిలో చేరిన పిమ్మట గాదె అడుగు కనిపించును. ఆషాఢము మొదలు భాద్రపదము వరకు పని ఎక్కువ, తిండి తక్కువ. ఒళ్లు వంచి కష్టించవలసిన నెలలే ఆకలి నెలలు. ఈ చిక్కును విప్పుటకు జరిగిన ప్రయత్నములకు ఒక చరిత్ర కలదు.

ఆస్ట్రియా దేశమున జన్మించిన మానవశాస్త్రజ్ఞుడు క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ 1941లో గోదావరి లోయకు వచ్చి, నాటి హైదరాబాదు రాజ్యములోని కొండరెడ్ల నడుమ నివసించెను. పాపికొండల సీమను గురించి ఆయన వ్రాసిన గ్రంథము 1945లో వెలువడినది. నాగలి లేకుండ, త్రవ్వుకోలతో గుంత చేసి జొన్న విత్తువారి జీవితము అందు వర్ణితమైనది. ధాన్యము అయిపోయినపుడు వారు జీలుగు చెట్టు మానులోని పిండిని, అడవి దుంపలను, మామిడి టెంకల పిండిని తినెడివారు. కలప వ్యాపారుల వద్ద ముందుగా తీసికొన్న అప్పు తీరక, ఏండ్ల తరబడి వారికే పని చేయుటయు ఉండెడిది.

మామిడి టెంకలోని జీడి వగరుగా నుండును. దానిని నీటిలో బాగుగ నానబెట్టి వగరు తీసి, ఎండబెట్టి పిండి చేయవలెను. వానకాలమున సరిగ ఎండనిచో బూజు పట్టును. 2001లో ఒరిస్సాలోని కాశీపూర్ ప్రాంతమున ఇట్టి పిండి తిని పలువురు గిరిజనులు మరణించిరని వార్తలు రాగా దేశమంతట చర్చ జరిగెను. ఆకలి నెలల చరిత్ర పాత కథ కాదనుటకు ఇది నిదర్శనము.

అడవి తిండి చాలని ఇంటికి మిగిలిన దారి అప్పు. తెలుగునాట ధాన్యమును అప్పిచ్చి, పంట రాగానే అసలును మించి ధాన్యముగనే రాబట్టు పద్ధతికి ‘నాగు’ అని పేరు. శ్రావణములో ఒక బస్తా తెచ్చుకొన్నవాడు మార్గశిరములో ఒకటిన్నర కొలిచెననుకొందము. నాలుగైదు నెలలకే నూటికి 50 వంతుల వడ్డీ అయినది. ఆ అర బస్తా తక్కువ అగుటచే మరుసటి సంవత్సరము గాదె ఇంకను ముందుగ ఖాళీ యగును. ఆకలి అప్పును, అప్పు ఆకలిని పెంచును.

ఈ చక్రమును ఆపుటకు ప్రభుత్వము పలు మార్గములు త్రొక్కెను. 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడి అటవీ ఫలసాయమును కొనుటకు, నిత్యావసర వస్తువులను అమ్ముటకు పూనుకొనెను. 1960లో షెడ్యూల్డు ప్రాంతములలోని వడ్డీ వ్యాపారమును అదుపుచేయు రెగ్యులేషను వచ్చెను. 1996-97లో కేంద్ర ప్రభుత్వము 11 రాష్ట్రములలో గ్రామ ధాన్యపు బ్యాంకుల పథకమును ప్రారంభించెను. ఊరివారే గాదెను నడుపుకొందురు; ఆకలి నెలలలో తీసికొని, పంట రాగానే స్వల్పమైన అదనముతో తిరిగి కొలుతురు. ఆ అదనము వ్యాపారికి గాక గాదెకే చేరును.

పడమటి దేశములలోని ఆహారపు బ్యాంకు ఇందుకు భిన్నమైనది. అమెరికాలోని ఫీనిక్సు నగరమున 1967లో జాన్ వాన్ హెంగెల్ స్థాపించిన బ్యాంకు ఆ దేశమున మొదటిదిగ చెప్పబడుచున్నది. దుకాణములలో మిగిలినదానిని లేనివారికి పంచుట దాని పద్ధతి. అడవి అంచు పల్లెలో మిగులు లేదు. ఒక ఋతువున ఉన్నదానిని మరొక ఋతువుకు చేర్చుటయే పని.

అయితే గాదె ఎంత కాలము ఆదుకొనును? ధాన్యపు బ్యాంకు పథకము తరువాతి రూపములో కుటుంబమునకు 40 కిలోల లెక్క ఉండెను. 30 కుటుంబముల ఊరికి ఇది 12 క్వింటాళ్లు. ఇంట అయిదుగురుండి దినమునకు 2 కిలోలు వండుకొన్నచో 40 కిలోలు 20 దినములకు సరిపోవును. మూడు నెలల లోటు పూర్తిగ తీరదు. పైగా ధాన్యము శక్తి నిచ్చును గాని, ఎ, సి విటమినులకు ఆకుకూరలు, పండ్లు కావలెను. అందుచే గాదె ప్రక్కన తోట అవసరమగుచున్నది.

తోటలో అన్నియు ఒకేసారి చేతికి రావు. తోటకూర 25, 30 దినములలో కోతకు వచ్చును. చేమకు అయిదారు నెలలు పట్టును. తొలకరికి నాటిన కంద మాఘమాసము ప్రాంతమున త్రవ్వుటకు వచ్చును. దెబ్బ తగలని దుంపలను నీడలో గాలి తగులునట్లు ఉంచినచో కొన్ని నెలలు నిలుచును. ఆకుకూర ఈ ఆకలికి, కంద రాబోవు ఆకలికి.

ఇక్కడనే విద్యార్థి ప్రసక్తి వచ్చును. చదువులో తోటపనికి చోటుండవలెనను భావము 1937 నాటి వార్ధా విద్యా మహాసభ నుండి దేశమున బలపడినది. 1992లో రణధావా సంఘము వ్యవసాయ పట్ట విద్యార్థులకు గ్రామీణ వ్యవసాయ పని అనుభవమును సిఫారసు చేసెను. అడవి అంచుననే అశ్వారావుపేటలో వ్యవసాయ కళాశాల కలదు. ఈ పద్ధతిలో విద్యార్థి చదువు ముగియు దశలో పల్లెలో ఒక రైతు వద్ద ఉండి పని నేర్చుకొనును. 2019లో కేంద్ర విద్యాశాఖ పాఠశాలల పోషక తోటలకు సూచనలు ప్రకటించెను.

అయితే ఒక చిక్కు మిగిలినది. విద్యార్థి పల్లెలో ఉండునది నాలుగైదు నెలలు. వానకాలమున వచ్చినవాడు తాను విత్తిన తోటకూరను కోయును. తాను నాటిన కందను మాత్రము చూడడు. వాని వెంటనే లెక్కలు, విత్తనముల జాడ కూడ వెడలిపోయినచో మరుసటి తొలకరికి తోట బీడగును. కావున వాని పనిలో ముఖ్యమైనది నాటుట కాదు, అప్పగించుట. ఏ మడిలో ఏది ఏనాడు నాటినది, ఎవరింటికి ఎంత వెళ్లినది, ఎవరు ఎంత తిరిగి కొలిచినది, విత్తనము ఎవరింట నున్నది అను నాలుగు విషయములు ఊరివారి పుస్తకములో, ఊరివారి చేతితో వ్రాయబడవలెను. గాదెలో పోయునపుడు ధాన్యమునందలి తేమ నూటికి సుమారు 12 పాళ్లకు మించరాదు. పంట కొరికినపుడు గింజ మెత్తగ నలగక పటుక్కున విరుగవలెనని ఊరి పెద్దలకు తెలియును. ఈ పరీక్షను విద్యార్థి వారివద్ద నేర్చుకొనవచ్చును.

ఉన్నత పాఠశాలలలో ఉపాధ్యాయులు దీనికి సులభమైన ఆరంభము చేయింపవచ్చును. ప్రతి విద్యార్థియు ఒక సంవత్సరము పాటు నెలనెల తన ఇంట తిన్నదానిలో పండించుకొన్నది ఏది, అడవి నుండి తెచ్చినది ఏది, కొన్నది ఏది, అప్పు తెచ్చినది ఏది అని వ్రాయవలెను. పండ్రెండు నెలల పట్టిక పూర్తియైనపుడు ఆ ఊరి ఆకలి నెలలు స్పష్టముగ కనబడును. ఏ మడిలో ఏమి నాటవలెనో, ఎప్పుడు నాటవలెనో ఆ పట్టికయే చెప్పును.