రోగి గదికి చల్లగాలి వచ్చిన దారి

సినిమా హాళ్లకూ ఆఫీసులకూ చాలా ముందే యంత్రపు చల్లదనం రోగి మంచం పక్కన పుట్టింది. 1840లలో, అమెరికాలోని ఫ్లోరిడాలో అపలాచికోలా అనే రేవు పట్నంలో, జాన్ గోరీ అనే వైద్యుడు జ్వరపీడితుల గది కప్పుకు మంచుగడ్డల పాత్ర వేలాడదీశాడు. చల్లబడ్డ గాలి బరువెక్కి రోగుల మీదికి దిగి, నేల దగ్గరి కంతల గుండా బయటికి పోయేది. మంచు ఉత్తరాది నుంచి ఓడల్లో రావాలి. ఓడ రాకపోతే చికిత్స లేదు. అందుకే మంచు తయారుచేసే యంత్రాన్ని రూపొందించి 1851లో పేటెంటు పొందాడు. మలేరియాకు చెడుగాలి కారణమన్న ఆయన నమ్మకం తప్పే గానీ, గది వేడిని తగ్గించడం వైద్యుడి పనేనన్న పట్టుదల మాత్రం సరైనది. తర్వాతి నూరేళ్లలో ఆ యంత్రం పెద్దదై వార్డులోంచి డాబా మీదికి చేరింది. దానితోపాటే దాని బాధ్యత వైద్యుడి చేయి జారి మరమ్మతుల విభాగం ఖాతాలో పడింది. ఆసుపత్రి చల్లదనం చరిత్రలో అన్నిటికన్నా ఖరీదైన పొరపాటు ఇదేనని నా అభిప్రాయం.

ఆ ఖరీదు ఎంతో ఇంగ్లండ్‌లోని స్టాఫర్డ్ చూపించింది. ఇలాంటి పెద్ద ఏసీ యంత్రాలకు తోడుండే కూలింగ్ టవర్‌లో వేడినీటిని జల్లుగా కిందికి వదిలి గాలి తగిలిస్తారు. కొంత నీరు ఆవిరై మిగతాది చల్లబడుతుంది. గోరువెచ్చని నీరు, పాచి, తుప్పు కలిసిన చోట లెజియోనెల్లా బ్యాక్టీరియా పెరుగుతుంది. తుంపరలతో ఊపిరితిత్తుల్లోకి చేరితే న్యుమోనియా వస్తుంది. 1976లో ఫిలడెల్ఫియాలోని ఒక హోటల్లో జరిగిన మాజీ సైనికుల సభ తర్వాత ఈ జబ్బు లోకానికి తెలిసింది. తొమ్మిదేళ్లకు, 1985 ఏప్రిల్లో, స్టాఫర్డ్ ఆసుపత్రికి వచ్చిపోయినవాళ్లలో 68 మందికి అదే జబ్బు నిర్ధారణ కాగా 22 మంది మరణించారు. అనుమానిత కేసులు వేరు. ఔట్‌పేషెంట్ విభాగానికి గాలిని చల్లబరిచే చిల్లర్ యూనిట్ కిందనున్న నీటి గొట్టపు వంపులోంచే తుంపరలు లేచి ఉండవచ్చని దర్యాప్తు తేల్చింది. డాక్టరును చూడటానికి వచ్చి బెంచీ మీద కూర్చున్న మనిషికి ఆ గాలే ప్రాణాంతకమైంది. ఇంకా బాధాకరమైన విషయం మరొకటుంది: 1984 నవంబరులోనే ఆ ఆసుపత్రి కూలింగ్ టవర్ నీటిలో ఈ బ్యాక్టీరియా దొరికింది. అది ఇదే రకమని తర్వాత తెలిసింది. సిబ్బందిలో దాదాపు మూడోవంతు మంది రక్తంలో దాని ఆనవాళ్లు కనిపించాయి.

అలాంటప్పుడు ఏసీలు మానేసి పాతకాలపు ఎత్తైన కప్పులకూ కిటికీలకూ తిరిగిపోవచ్చు కదా అని కొందరంటారు. ఫ్లోరెన్స్ నైటింగేల్ 1859లో ఆసుపత్రులపై రాసిన పుస్తకంలో కోరిన అటూఇటూ గాలాడే వార్డులంటే నాకూ గౌరవమే. అయితే ఆపరేషన్ థియేటర్‌కు వడపోసిన గాలి కావాలి. రోహిణీ కార్తెలో రెంటచింతలలోనో రామగుండంలోనో కిటికీ తెరిస్తే లోపలికొచ్చేది వడగాలే. వృద్ధులకూ గుండె, మూత్రపిండాల రోగులకూ, చెమట పట్టకుండా చేసే కొన్ని మందులు వాడేవారికీ అది చికిత్సకు అడ్డం పడుతుంది. కిటికీ చాలదు నిజమే, అలాగని తెరవడానికి వీల్లేని కిటికీ ఇంకా ప్రమాదం. 2005లో కత్రినా తుఫాను తర్వాత న్యూ ఆర్లీన్స్‌లోని మెమోరియల్ మెడికల్ సెంటర్‌లో జనరేటర్లు నడిచినంతసేపూ ఏసీకి కరెంటు అందలేదు. తర్వాత అవీ ఆగాయి. గాలి కోసం అద్దాలు పగలగొట్టారు. ఆ భవనంలోంచి 45 మృతదేహాలు బయటికొచ్చాయి. అందరూ ఉక్కకే పోయారని అనలేం గానీ, ఆ వేడి రోగుల పరిస్థితిని మరింత దిగజార్చింది.

ఇదంతా ఇంజినీర్లు చూసుకోవాల్సిన పని, వైద్యులకెందుకు అన్నది రెండో అభ్యంతరం. లండన్‌లో 2022 జూలై 19న ఎండ 40 డిగ్రీలు దాటినప్పుడు గైస్ అండ్ సెయింట్ థామస్ ఆసుపత్రుల డేటా సెంటర్లు చల్లబడక ఆగిపోయాయి. రోగుల రికార్డులు తెరుచుకోక డాక్టర్లు కాగితం మీద రాసుకున్నారు, ఆపరేషన్లు వాయిదా పడ్డాయి. అక్కడ దెబ్బతిన్నవి కంప్యూటర్లు, నష్టపోయింది రోగులు. ఎండలు ముదిరేకొద్దీ చిల్లర్లు ఎక్కువ గంటలు నడవాలి, ట్యాంకుల్లో నీళ్లు ఎక్కువ రోజులు వెచ్చగా ఉంటాయి, కరెంటుకు గిరాకీ పెరుగుతుంది. కాబట్టి టవర్ నీటి పరీక్ష ఫలితం మరమ్మతుల ఫైలుతో ఆగకుండా ఆసుపత్రి ఇన్ఫెక్షన్ నియంత్రణ కమిటీ బల్ల మీదికి రావాలి. ఐసీయూ చల్లదనానికి జనరేటర్ లైను ఉండాలి. వార్డులో కనీసం కొన్ని కిటికీలు చేత్తో తెరుచుకోవాలి.